సొంత మిద్దె లేకపోయినా సోలార్: నలుగురు కలిసి పెట్టుకునే ప్లాంటు ఎలా పనిచేస్తుంది?

ఎండాకాలంలో కరెంటు బిల్లు చూసి "సోలార్ పెట్టుకోండి" అని సలహా ఇచ్చేవాళ్లు చాలామంది. ఎక్కడ పెట్టుకోవాలన్నదే అసలు చిక్కు. అద్దె ఇంట్లో ఉండేవాళ్లకు మిద్దె మీద హక్కు లేదు. అపార్ట్‌మెంటులో ఫ్లాటు కొన్నా మిద్దె అందరిదీ. ఇరుకు గల్లీల్లో ఇల్లు నలుగురు అన్నదమ్ముల ఉమ్మడి ఆస్తి, మీటరు మాత్రం ఇంకా దాదా పేరు మీదే నడుస్తుంటుంది. ఇలాంటి కుటుంబాలకు పనికొచ్చే పద్ధతే కమ్యూనిటీ సోలార్, అంటే ఉమ్మడి సౌర ప్లాంటు.

ఇందులో ప్యానెళ్లు ఒకేచోట ఉంటాయి. వాటి నుంచి ఎవరి ఇంటికీ విడిగా వైరు లాగరు. తయారైన కరెంటు నేరుగా గ్రిడ్‌లోకి పోతుంది. ఎన్ని యూనిట్లు పోయాయో మీటరు లెక్కపెడుతుంది. డిస్కమ్ ఆ యూనిట్లను సభ్యుల వాటాల ప్రకారం పంచి, ఒక్కొక్కరి బిల్లులో తగ్గిస్తుంది. దీన్నే వర్చువల్ నెట్ మీటరింగ్ అంటారు. గ్రూప్ నెట్ మీటరింగ్ అనేది వేరు. ఒకే వినియోగదారుడికి మూడు నాలుగు మీటర్లు ఉంటే, ఒకచోట తయారైన కరెంటును మిగతా చోట్ల బిల్లుల్లో సర్దుకోవడం. ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడే ఏజెంట్లు ఉన్నారు, అందుకే తేడా తెలిసి ఉండాలి. ఢిల్లీ విద్యుత్ నియంత్రణ కమిషన్ 2019లోనే ఈ రెండింటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. మిగతా రాష్ట్రాల్లో నిబంధనలు ఒకేలా లేవు. డబ్బు కట్టే ముందు తమ డిస్కమ్ ఆఫీసులో "మా కేటగిరీకి వర్తిస్తుందా" అని రాతపూర్వకంగా అడిగి తీసుకోవడం మంచిది.

కలిసి పెట్టుకుంటే నిజంగా నడుస్తుందా అనేవాళ్లకు గుజరాత్‌లోని ఢుండీ మంచి జవాబు. ఖేడా జిల్లాలోని ఈ ఊళ్లో అంతకుముందు డీజిల్ పంపులతో నీళ్లు తోడుకునే రైతులు ఆరుగురు కలిసి సౌర పంపుల సహకార సంఘం పెట్టుకున్నారు. 2016లో అది పని మొదలుపెట్టింది. అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థ వారికి తోడుగా నిలిచింది. పొలానికి కావలసినంత వాడుకుని మిగిలిన కరెంటును యూనిట్‌కు 4.63 రూపాయల చొప్పున 25 ఏళ్ల ఒప్పందంపై డిస్కమ్‌కు అమ్మారు. అమ్ముకుంటే డబ్బు వస్తుంది కాబట్టి, ఊరికే నీళ్లు తోడి పారబోయడానికి ఎవరికీ మనసు రాదు.

మన పట్టణాలకు దగ్గరగా ఉండేది అపార్ట్‌మెంటు లెక్క. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో విడి ఇంటికి మొదటి 2 కిలోవాట్లకు కిలోవాట్‌కు 30 వేలు, 3 కిలోవాట్లు ఆపైన మొత్తం 78 వేల రూపాయల సబ్సిడీ ఉంది. హౌసింగ్ సొసైటీలు, నివాసుల సంఘాలకు లిఫ్టు, మోటారు, మెట్ల లైట్లు వంటి ఉమ్మడి అవసరాల కోసం కిలోవాట్‌కు 18 వేలు ఇస్తారు. ఇంటికి 3 కిలోవాట్ల చొప్పున, 500 కిలోవాట్ల వరకే.

12 ఫ్లాట్ల బిల్డింగ్‌లో 10 కిలోవాట్ల ప్లాంటు అనుకుందాం. సుమారు వెయ్యి చదరపు అడుగుల నీడలేని జాగా కావాలి. కిలోవాట్‌కు రోజుకు 4 యూనిట్లు లెక్కేస్తే నెలకు 1,200 యూనిట్లు. ఖర్చు 5.5 లక్షలు అనుకుంటే సబ్సిడీ 1.8 లక్షలు పోను మిగిలేది 3.7 లక్షలు, ఫ్లాటుకు సుమారు 31 వేలు. యూనిట్ 7 రూపాయలనుకుంటే నెలకు 8,400 మిగులు. దాదాపు మూడున్నర, నాలుగేళ్లలో పెట్టుబడి తిరిగొస్తుంది. వడ్డీ లోను వద్దనుకునే ఇళ్లకు ఇది ఊరట. వాటా చిన్నది కాబట్టి కొన్ని నెలలు జమ చేసుకుని కట్టేయొచ్చు.

మసీదు, మదర్సా కమిటీలు ఒక విషయం గమనించాలి. ఈ సబ్సిడీ నివాస గృహాలకే. ప్రార్థనా స్థలాలకు రాదు, నెట్ మీటరింగ్ మాత్రం అడగొచ్చు. వక్ఫ్ స్థలమైతే కమిటీ తీర్మానంతో సరిపెట్టుకోకుండా వక్ఫ్ బోర్డులో కూడా కనుక్కోవాలి.

ఉమ్మడి ప్లాంట్లు చెడిపోయేది ప్యానెళ్ల వల్ల తక్కువ, మనుషుల మధ్య లెక్కల వల్ల ఎక్కువ. ఫ్లాటు అమ్మితే వాటా కొత్త యజమానికి పోతుందా? అద్దెకున్నవాళ్లకు తగ్గింపు ఎవరిస్తారు? 25 ఏళ్లు నడిచే ప్యానెళ్లకు మధ్యలో ఇన్వర్టర్ మార్చాల్సి వస్తే డబ్బు ఎక్కడిది? ఇవన్నీ మొదటి రోజే కాగితం మీద రాసుకుని, విడిగా బ్యాంకు ఖాతా పెట్టుకుని, నెలకు రెండుసార్లయినా దుమ్ము కడిగే పని ఎవరిదో తేల్చుకోవాలి. పక్కవాళ్లు ఇంకో అంతస్తు లేపితే నీడ పడుతుందేమో కూడా చూసుకోవాలి.

ఇంకో అపోహ, సోలార్ ఉంటే కరెంటు పోదని. గ్రిడ్‌కు కలిపిన ప్లాంటు, బ్యాటరీ లేకపోతే, లైన్‌లో కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. లైన్‌మన్ ప్రాణం కోసం అలా పెట్టారు. బిల్లు కూడా పూర్తిగా సున్నా కాదు, ఫిక్స్‌డ్ చార్జీలు ఉంటాయి.

సబ్సిడీ కావాలంటే నేషనల్ పోర్టల్‌లో నమోదైన వెండర్‌తోనే, దేశంలో తయారైన సెల్స్ ఉన్న ప్యానెళ్లతోనే పెట్టించాలి. విడి ఇంటికి దరఖాస్తు చేసేవాళ్ల మీటరు చనిపోయిన పెద్దల పేరు మీద ఉంటే ముందు పేరు మార్పు చేయించుకోవాలి, సాధారణంగా ఫైలు ఆగేది అక్కడే. తెలంగాణలో మహిళా స్వయం సహాయక సంఘాల చేత 1,000 మెగావాట్ల సౌర ప్లాంట్లు పెట్టిస్తామని ప్రభుత్వం ప్రకటించింది. సంఘంలో సభ్యులైన మహిళలు మండల సమాఖ్య ఆఫీసులో తమ వంతు గురించి అడగొచ్చు.