తోలు దుస్తుల నుంచి డబ్ రిగ్ దాకా: గంజాయి బంక ప్రయాణం

అమెరికాలో గంజాయికి అనుమతి ఉన్న రాష్ట్రాల్లోని దుకాణాల్లో ఇప్పుడు వ్యాక్స్, షాటర్, రోసిన్ అంటూ చిన్న చిన్న డబ్బాలు అమ్ముతున్నారు. వీటిని కాన్సంట్రేట్లు అంటారు. పేర్లు కొత్తవే గానీ సరుకు పాతదే. ఆడ మొక్క పూత మీది సన్నని నూగు నుంచి ఊరే బంకను ఆకు, కాడ నుంచి వేరు చేయడమే ఇందులోని పని. మత్తంతా ఆ బంకలోనే ఉంటుంది.

ఆ పని మన దేశంలో ఎలా జరిగేదో కలకత్తా వైద్య కళాశాల ఆచార్యుడు విలియం బ్రూక్ ఓషానెసీ 1839లో రాసిపెట్టాడు. మధ్య భారతంలో ఎండాకాలం తోలు దుస్తులు తొడుక్కున్న కూలీలు మొక్కలను బలంగా రాసుకుంటూ చేలో పరుగెత్తేవారు. తోలుకు అంటుకున్న బంకను గీకి, పిసికి ఉండలు చేసేవారు. అదే చరస్. సేరు అయిదారు రూపాయలు పలికేది. నేపాల్లో తోలు కూడా ఉండేది కాదు, కూలీల ఒంటికి అంటిన బంకనే గీకేవారు. చేత్తో తీసిన మైనంలాంటి 'మోమియా' రకానికి దాదాపు రెట్టింపు ధర.

ఓషానెసీ చరస్‌ను ఆల్కహాలులో కరిగించి ముందు ఒక కుక్కకు ఇచ్చాడు. అరగంటలో అది జోగింది, ఉలిక్కిపడి లేచింది, తోకాడించింది, ఆబగా తింది. పిలిస్తే తూలింది. ఆరు గంటలకు మామూలైంది. తర్వాత కీళ్లనొప్పులకు, ధనుర్వాతానికి రోగుల మీద వాడి చూశాడు. ఆయన వెంట లండన్ చేరిన సరుకుతో పీటర్ స్క్వైర్ అనే ఔషధ వ్యాపారి మందు తయారుచేశాడు. అయితే ఒక సీసాలోని బలం మరో సీసాలో ఉండేది కాదు. వైద్యులకు నమ్మకం సడలడానికి అదో కారణం.

గంజాయి వాడకంపై 1893లో బ్రిటిష్ ప్రభుత్వం వేసిన కమిషన్ 1,193 మంది సాక్షులను విచారించింది. మన బాపట్ల తాలూకా సంతరావూరు గంజాయి సాగు కూడా దాని నివేదికకెక్కింది. మితంగా వాడితే పెద్ద హాని లేదని, అతి అయితే ఉందని, నిషేధం కన్నా పన్ను, లైసెన్సు మేలని కమిషన్ తేల్చింది. కానీ అది చూసింది నాటి భంగు, గంజాయి, చరస్‌లనే.

మత్తునిచ్చే టీహెచ్‌సీని 1964లో ఇజ్రాయెల్‌లో రఫాయెల్ మెషూలం, యెహియెల్ గావొనీ విడదీశారు. అప్పటినుంచి బలాన్ని కొలవడం సాధ్యమైంది. అమెరికాలో 1995లో పట్టుబడిన గంజాయిలో టీహెచ్‌సీ సగటున సుమారు 4 శాతం. ఇవాళ్టి కాన్సంట్రేట్లలో 60 నుంచి 90 శాతం దాకా ఉంటోంది. డబ్ రిగ్ అనే గాజు పరికరంలో వేడిచేసి ఆవిరి పీలిస్తే ఒక్క దమ్ముకే తల తిరిగిపోవచ్చు. ఇంట్లో బ్యూటేన్ గ్యాసుతో బంక తీయబోయి పేలుళ్లలో కాలిపోయినవారున్నారు. బలమైన సరుకు రోజూ వాడేవారికి మానసిక రుగ్మతల ముప్పు ఎక్కువని అధ్యయనాలు చెబుతున్నాయి. చట్టబద్ధంగా అమ్మే కొలరాడో సైతం వైద్య అవసరాలకు కొనే కాన్సంట్రేట్ పరిమితిని రోజుకు 40 గ్రాముల నుంచి 8కి తగ్గిస్తూ 2021లో చట్టం చేసింది.

మన 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం బలాన్ని బట్టే గీత గీసింది. పూత కలవని ఆకు గంజాయి నిర్వచనంలోకి రాదు. గంజాయి 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం, చరస్ అయితే కిలో దాటితే చాలు. శిక్ష కనీసం పదేళ్లు. ద్రవరూపంలోని బంక అయిన హ్యాష్ ఆయిల్‌నూ ఈ చట్టం చరస్ కిందే లెక్కిస్తుంది. ఏజెన్సీ ప్రాంతం నుంచి ఈ ఆయిల్‌ను చిన్న సీసాల్లో తెస్తూ పట్టుబడే కుర్రాళ్లలో ఎందరికి ఈ తేడా తెలుసు?

అమెరికాలో చదువుకుంటున్న మన పిల్లలకూ ఒక మాట. దుకాణానికి రాష్ట్రం అనుమతి ఇచ్చినా, సమాఖ్య చట్టం ప్రకారం గంజాయి నిషిద్ధమే. వాడినట్టు తేలినా, ఒప్పుకున్నా వీసాకు, గ్రీన్ కార్డుకు ఎసరు రావచ్చు.