బర్టన్ బావుల నీరు

బీరులో నూటికి తొంబది పాళ్లు నీరే. అయినను రుచి యంతయు బార్లీది, హాప్ పువ్వులది యనుకొందుము. ఇంగ్లండున ట్రెంటు నది యొడ్డున బర్టన్ పట్టణమున్నది. 1820ల నుండి అచటి లేతరంగు ఏల్ బీరు ఓడలపై మన దేశమందలి దొరల బల్లలకు వచ్చుచుండెను. వాడినది నదీజలము కాదు సుమా, బావినీరు! ఆ చురుకు లండన్ వారికి చేతకాలేదు. కొందరు బర్టన్‌కే పోయి కార్ఖానాలు పెట్టిరి. వారి నచటికి లాగినది నేలపొరలలోని జిప్సమనిన మాకు వింతగా తోచును. దాని కాల్షియము బార్లీ గుజ్జునకు తగు పులుపునిచ్చును. సల్ఫేటు హాప్ చేదునకు పదును పెట్టును. లండన్ నీటిలో కార్బొనేటులు మెండు; అది నల్లని పోర్టరుకు తగిన నీరు. 1878లో విన్సెంట్ అను రసాయనికుడు, అన్యస్థలముల నీటిని జిప్సముతో బర్టన్ నీటివలె దిద్దు పద్ధతిని తెలిపెను. బావుల గుత్త సడలెను. నేడు ఇంట బీరు కాచు కొత్తవారును జిప్సమును గ్రాములలో తూచి కలుపుచున్నారు. మోతాదు మించెనా, చేదు మొరటగును.