నల్ల చిరుత కథ నడిమధ్యలో ఆగిపోయింది (మన చరిత్ర ముచ్చట్లు - 17)



దళిత్ పాంథర్స్ గురించి ఎక్కడ మాట్లాడినా ఎవరో ఒక తమ్ముడు లేచి అడుగుతాడు: "అన్నా, ఆ పేరు మార్వెల్ సినిమా నుంచి తీసుకున్నారా?" నవ్వొస్తుంది. తప్పు ఆ పిల్లోడిది కాదు. 2018లో సినిమా వచ్చింది, ప్రపంచమంతా చూసింది. దాని వెనకున్న చరిత్ర ఎవరూ చెప్పలేదు. అందుకే ఈ భాగం.

ముందు వరస చూద్దాం. అమెరికాలో అలబామా రాష్ట్రం, లౌండెస్ కౌంటీ. 1965లో అక్కడి నల్లజాతి ప్రజలు సొంత పార్టీ పెట్టుకున్నారు. చదువు రానివాళ్ల కోసం మన దగ్గరలాగే అక్కడా ఎన్నికల గుర్తులుండేవి. ఆ రాష్ట్రంలో డెమోక్రాట్ల గుర్తు తెల్ల కోడిపుంజు. వీళ్లు నల్ల చిరుతను పెట్టుకున్నారు. 1966 జులై తేదీతో 'ఫెంటాస్టిక్ ఫోర్' 52వ సంచికలో స్టాన్ లీ, జాక్ కిర్బీ 'బ్లాక్ పాంథర్' అనే వీరుణ్ని తెచ్చారు. వకాండా అనే ఊహాదేశానికి రాజు, పేరు టిచల్లా. అదే ఏడాది అక్టోబర్‌లో ఓక్లాండ్‌లో హ్యూయీ న్యూటన్, బాబీ సీల్ బ్లాక్ పాంథర్ పార్టీ పెట్టారు. వాళ్ల స్ఫూర్తితో 1972లో ముంబైలో దళిత్ పాంథర్స్ పుట్టింది. మన పేరు వచ్చింది పోరాటం నుంచి, కామిక్ నుంచి కాదు.

అయినా ఆ కామిక్ చదవాలనిపించింది. హాస్టల్లో ఉన్నప్పుడు అట్ట లేని ఫాంటమ్ పుస్తకం ఒకటి చేతులు మారేది. అడవికి రాజు ఒక తెల్లోడు, చుట్టూ ఈటెలు పట్టుకుని నిలబడే నల్లవాళ్లు. మేమూ ఆ తెల్లోడి వైపే ఉండి చదివాం. ఈటె పట్టుకున్నోడి పేరేంటని ఒక్కరోజూ అడగలేదు.

'జంగిల్ యాక్షన్' అనే కామిక్ కూడా 1972లో అలాగే మొదలైంది. 1950ల నాటి తెల్ల అడవివీరుల కథల్నే మళ్లీ అచ్చేసేవాళ్లు. మార్వెల్‌లో ప్రూఫులు దిద్దే డాన్ మెక్‌గ్రెగర్ అనే కుర్రాడు ఇవేం కథలని గొడవ పెట్టుకున్నాడు. ఆఫ్రికా అడవిలో ఆఫ్రికావాడే వీరుడు కావాలి కదా అన్నాడు. చివరికి ఆ పని అతనికే ఇచ్చారు. అతనూ తెల్లోడే, అది దాచక్కర్లేదు. కానీ 10వ సంచిక నుంచి బొమ్మల పని ఎక్కువగా చేసింది బిల్లీ గ్రాహం, నల్లజాతి చిత్రకారుడు.

1973 సెప్టెంబర్, 6వ సంచిక. అక్కణ్నుంచి 'పాంథర్స్ రేజ్' అనే కథ రెండేళ్లకు పైగా, 18వ సంచిక దాకా సాగింది. సాధారణంగా రెండు నెలలకో సంచిక. ఇప్పుడు మొత్తం ఒకే పుస్తకంగా దొరుకుతోంది. నేను మాత్రం వారానికి ఒక్క సంచికే చదివాను. ఎదురుచూడ్డం ఎలా ఉంటుందో తెలియాలని.

మొదటి సంచికలోనే కిల్‌మాంగర్ చేతిలో రాజు ఓడిపోతాడు, జలపాతం మీంచి కిందకి పడతాడు. తర్వాత దేశమంతా తిరుగుతాడు. వెళ్లిన చోటల్లా జనం అడిగేది ఒకటే: నువ్వు అమెరికాలో వీరుల గుంపులో తిరుగుతుంటే ఇక్కడ మా గతేంటి? ఢిల్లీకో హైదరాబాద్‌కో పోయి వాడ వైపు చూడని మన నాయకులు గుర్తొచ్చారు. చివరికి కిల్‌మాంగర్‌ని చంపేది రాజు కాదు. కథలో ఎప్పుడో కనిపించి మనం మర్చిపోయిన కాంటు అనే చిన్నపిల్లాడు. సంచిక తర్వాత సంచిక చదివితేనే ఆ దెబ్బ తగులుతుంది.

ఇంకోటి. ఈ కథలో రాజు, ద్రోహి, సైనికుడు, రైతు, తల్లి, దాదాపు అందరూ నల్లవాళ్లే. "తెల్లవాళ్లేరీ?" అని ఎడిటర్లు అడిగేవాళ్లని మెక్‌గ్రెగర్ తర్వాత చాలాసార్లు చెప్పాడు. ఆ పుస్తకాన్ని 11 ఏళ్లప్పుడు చదివిన డ్వేన్ మెక్‌డఫీ పెద్దయ్యాక, 1993లో, తోటి నల్లజాతి కళాకారులతో కలిసి మైల్‌స్టోన్ అనే సొంత కామిక్స్ సంస్థే పెట్టాడు.

అసలు చెప్పాలనుకున్నది ఇప్పుడు. 19వ సంచిక నుంచి కథ అమెరికాకి, జార్జియాకి వస్తుంది. టిచల్లా ప్రేమించిన మోనికా పుట్టిల్లు అది. ఆమె చెల్లెలు చనిపోయింది, ఎలా పోయిందో తేలాలి. ఎదురుగా కు క్లక్స్ క్లాన్. 1976 మే నాటి 21వ సంచిక అట్ట మీద వీరుణ్ని మండుతున్న శిలువకు కట్టేసి ఉంటారు. వకాండాలో రాజు, జార్జియాలో ఒక నల్లోడు. ఎంత చదివినా, ఏ ఉద్యోగం చేసినా ఊరికి పోతే మనం ఎవరమో ఊరు గుర్తుచేస్తుంది కదా, అలాగే.

22వ సంచికలో మోనికా తల్లి ఒక పాత కథ చెబుతుంది. బానిసత్వం పోయిన తర్వాతి రోజుల్లో క్లాన్ చేతికి చిక్కిన తమ పూర్వీకుడు కేలబ్ గురించి. వింటూ వింటూ మోనికా ఆ రోజుల్లోకి పాంథర్‌ని తెచ్చి నిలబెడుతుంది. అతను వచ్చినట్టు, ఎదిరించినట్టు ఊహించుకుంటుంది. తల్లి చెప్పే కథలో మాత్రం పాంథర్ లేడు.

ఆ పేజీ దగ్గర నేను పుస్తకం మూసేశాను. 1985 జులై 17, కారంచేడు. ఆ రోజు గురించి విన్న ప్రతిసారీ నేనూ ఎవరినో ఒకరిని ఆ పొలాల్లోకి పంపించాను, మనసులో. ఎవరూ రాలేదు. బతికినవాళ్లు తమంతట తాము చీరాల చేరారు, శిబిరం పెట్టుకున్నారు. అక్కణ్నుంచే దళిత మహాసభ వచ్చింది.

మరి జార్జియా కథ ఏమైంది? 1976 నవంబర్‌లో 24వ సంచికతో పత్రిక ఆపేశారు. చెల్లెలు ఎలా చనిపోయిందో తేలనేలేదు. 1977 జనవరి తేదీతో 'బ్లాక్ పాంథర్' కొత్తగా 1వ సంచిక వచ్చింది. అందులో క్లాన్ ఊసే లేదు. మూడేళ్లు దాటాక, ఇంకో పత్రికలో, ఇంకో రచయిత మూడు సంచికల్లో ఆ కథకి ముగింపు రాశాడు.

ఒకే పుస్తకంగా గబగబా చదివితే ఇది కథలో చిన్న లోటులా కనిపిస్తుంది. వారం వారం చదివి, 24 తర్వాత 25 లేదని తెలిసినప్పుడు కడుపులో దేవినట్టయింది. ఊహాదేశంలో రాజు గొడవ రెండేళ్లు నడిచింది. నిజమైన క్లాన్ పేరు ఎత్తిన కథ ఏడాది తిరక్కుండానే ఆగింది. అమ్మకాలు తక్కువన్నది వాళ్ల లెక్క. కారణం ఏదైనా, ఎక్కడ ఆపాలో నిర్ణయించింది ఆ కథలోని మనుషులు కాదు, పత్రిక ఎవరి చేతిలో ఉందో వాళ్లు. మెక్‌డఫీ సొంత సంస్థ ఎందుకు పెట్టాడో అప్పుడర్థమైంది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, సినిమా చూడండి, ఈలలు వేయండి. ఇంటికెళ్లాక మీ నాయనమ్మ పక్కన కూర్చుని మీ వాడ కథ అడగండి. ఆమె ఎక్కడ ఆపిందో రాసుకుని, మర్నాడు మళ్లీ అడగండి.

వచ్చే భాగంలో చీరాల శిబిరం గురించి రాస్తాను. జై భీమ్.