నల్ల గొంతులో ముస్లిం పేరు

గులాంకి మొదట పోయేది పేరు. సెనెగల్ ప్రాంతంలో పుట్టి, మదరసాల్లో చదువుకున్న ఉమర్ ఇబ్న్ సయీద్‌ను 1807లో అమెరికాలో అమ్మేశారు. అక్కడి తెల్లదొరలకు ఆయన ఒట్టి 'మోరో'. ఆ మోరోనే 1831లో తన జిందగీని అరబ్బీలో రాసిపెట్టాడు. గొలుసులతో ఓడలెక్కిన ఆఫ్రికన్లలో ముస్లింలూ ఉన్నారన్న సంగతిని అమెరికా చాలాకాలం మర్చిపోయింది. దాన్ని వీధి పిల్లల దాకా తీసుకెళ్లింది చరిత్ర పుస్తకాలకన్నా పాటలేనని నేనంటాను.

1920లో పంజాబ్‌లోని ఖాదియాన్ నుంచి ముఫ్తీ ముహమ్మద్ సాదిఖ్ అమెరికా వెళ్లి అహ్మదీయా ప్రచారం మొదలుపెట్టాడు. (అహ్మదీయులు ముస్లింలేనా అన్న పంచాయితీ వేరే ఉంది.) 1940ల నాటికి జాజ్ కళాకారులు కొందరు ఇస్లాంలోకి వచ్చారు. కెన్నీ క్లార్క్ లియాఖత్ అలీ సలామ్ అయ్యాడు. ఆర్ట్ బ్లేకీ అబ్దుల్లా ఇబ్న్ బుహైనా అయ్యాడు. వాళ్లతో కలిసి వాయించిన డిజ్జీ గిలెస్పీ తన ఆత్మకథలో ఒక సంగతి చెప్పాడు. ముస్లిం పేరు పెట్టుకున్నవాళ్లకు పోలీసు కార్డు మీద తెల్లవాళ్లని రాసేవారట! నల్లవాళ్లను గడప తొక్కనివ్వని హోటళ్లలో ఆ పేరు చెప్పి అన్నం తిన్నవాళ్లున్నారట. మన దగ్గర అదే పేరు చెబితే అద్దెకిల్లు దొరకదు. పేరులో ఏముందనే పెద్దమనుషులు ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి.

మాల్కం ఎక్స్‌కు కావలసింది హోటల్లో కుర్చీ కాదు. యజమాని అంటగట్టిన ఇంటిపేరు వద్దు, తాతల పేరు తెలీదు, కాబట్టి 'ఎక్స్' అన్నాడు. 1965 ఫిబ్రవరి 21న ఆయన్ని కాల్చి చంపారు. 1968లో, ఆయన పుట్టినరోజైన మే 19న, హార్లెంలోని ఒక పార్కులో లాస్ట్ పోయెట్స్ బృందం పుట్టింది. డోళ్ల దరువు మీద కవిత్వం చెప్పడం వాళ్ల పని. 1970లో వచ్చిన వాళ్ల మొదటి ఆల్బం ర్యాప్‌కి తాత లాంటిది. జలాలుద్దీన్ మన్సూర్ నూరుద్దీన్, ఉమర్ బిన్ హసన్ ఆ బృందంలోని వాళ్లే. 1983లో కీత్ లెబ్లాంక్ మాల్కం ప్రసంగాల ముక్కల్ని మెషిన్ దరువు మీద పేర్చి 'నో సెల్ ఔట్' రికార్డు చేశాడు. మాల్కం భార్య బెట్టీ షబాజ్ దానికి ఒప్పుకుంది. చంపేసిన పద్దెనిమిదేళ్లకు ఆ గొంతు డాన్సు హాళ్లలో మోగింది.

1987లో 'పెయిడ్ ఇన్ ఫుల్' ఆల్బం వచ్చింది. అందులో పాడిన విలియం గ్రిఫిన్ అప్పటికే రకీం అల్లా. అతనిది ఫైవ్ పర్సెంట్ నేషన్. నేషన్ ఆఫ్ ఇస్లాం నుంచి బయటికొచ్చిన క్లారెన్స్ 13ఎక్స్ 1964లో హార్లెంలో పెట్టిన గుంపు అది. నల్లవాడే దేవుడంటుంది. బ్రాండ్ నూబియన్, వు-టాంగ్ క్లాన్ ఆల్బంలలోనూ వాళ్ల మాటలే వినిపిస్తాయి. ఇది షిర్క్ అంటారు ఆలిములు. దీన్ లెక్కలో వాళ్లు చెప్పేది సరైందే. కానీ మనిషిగా చూడని దేశంలో ఆ కుర్రాళ్లకు ఇజ్జత్ ఏ మాటల్లో దొరికిందో కూడా వినాలి కదా. ఉర్దూ రాదని దూదేకులవాళ్లను సగం ముస్లింలుగా చూసే షరీఫులు మన ఖౌమ్‌లోనే ఉన్నారు. అటు హిందువులకు పూర్తి తురకలు, ఇటు వీళ్లకు సగం. ఆ నొప్పి తెలిసినవాడు రకీంకి ఇమాన్ పరీక్ష పెట్టడానికి అంత తొందరపడడు.

మోస్ డెఫ్ దారి వేరు. అతను ఫైవ్ పర్సెంట్‌లో చేరలేదు, మామూలు ఇస్లాంలోకే వచ్చాడు. 1999 నాటి అతని ఆల్బం 'బ్లాక్ ఆన్ బోత్ సైడ్స్' బిస్మిల్లాతో మొదలవుతుంది. తర్వాత రెండేళ్లకే 2001 సెప్టెంబరు. ముస్లిం పేరంటేనే ఎయిర్‌పోర్టులో పక్కకు నిలబెట్టే రోజులొచ్చాయి. పేరు దాచుకోవాల్సిన ఆ కాలంలోనే, బాగా అమ్ముడుపోతున్న మోస్ డెఫ్ అనే పేరును వదిలేసి, 2012 నుంచి తనను యాసీన్ బే అనే పిలవమన్నాడతను. యాసీన్ అంటే మన ఇళ్లల్లో ప్రాణం పోతున్నవాళ్ల పక్కన కూర్చుని చదివే సూరా.