పెళ్లి ఉంగరాల ఎంపిక (ఢిల్లీ రాజధాని ప్రాంతం)

ఢిల్లీ, నోయిడా, గురుగ్రామ్‌లలో ఉత్తరాది కుటుంబాలు సగాయిలోనూ, తెలుగువారు నిశ్చితార్థంలోనూ వధూవరుల చేత ఉంగరాలు మార్పిస్తారు. తెలుగు పెళ్లిలో బిందెలో వేసి తీయించేదీ ఉంగరమే.

కొనుగోలుకు పేరున్నవి కరోల్‌బాగ్ బ్యాంక్ స్ట్రీట్, చాందినీ చౌక్‌లోని దరీబా కలాఁ. దరీబా వెండికి ప్రసిద్ధి కనుక మెట్టెలు కూడా అక్కడే చూసుకోవచ్చు.

సాదా ఉంగరానికి 22 క్యారెట్ల బంగారం బాగుంటుంది. రాయి పొదిగితే 18 క్యారెట్లే మేలు: మిశ్రమలోహం గట్టిగా ఉండి, రాయిని పట్టే కొక్కేలు తొందరగా వంగవు. బంగారం ఎంత మేలిమిదైతే అంత మంచిదన్న మన పెద్దల లెక్క ఇక్కడ చెల్లదు.

హాల్‌మార్కింగ్ 2021 జూన్‌లో దశలవారీగా తప్పనిసరైంది. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆరు అక్షరాంకెల హెచ్‌యూఐడీ (ప్రతి నగకూ ఇచ్చే ప్రత్యేక గుర్తింపు సంఖ్య) ఉన్న నగనే హాల్‌మార్క్ నగగా అమ్మాలి. దాన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూడవచ్చు. 22 క్యారెట్లకు 916, 18కి 750 అని ముద్ర ఉంటుంది. రెండు గ్రాముల లోపు నగలకు ఈ నిబంధన వర్తించదు. సన్నని ఉంగరం కొనేవారు ఇది తప్పక గుర్తుంచుకోవాలి. వజ్రానికి విడిగా ప్రయోగశాల ధ్రువపత్రం అడగాలి. అది సహజమైనదో, ల్యాబ్‌లో పెంచినదో అందులో రాసి ఉండాలి.

కొలత విషయంలో ఢిల్లీ వాతావరణాన్ని లెక్కలోకి తీసుకోవాలి. జనవరి చలికి వేళ్లు సన్నబడతాయి, మే ఎండకు ఉబ్బుతాయి. చలికాలపు ముహూర్తానికి కొనేవారు వెచ్చని గదిలో, సాయంత్రం పూట కొలత ఇవ్వడం మంచిది.