మారుమనువు – బిడ్డల వారసత్వము

తల్లి పోయిన యింట తండ్రికిగాని, తండ్రి పోయిన యింట తల్లికిగాని వేరొక తోడు దొరకినపుడు బిడ్డల మనస్సున మొదట పుట్టు ప్రశ్న, “మన పాలు మనకు దక్కునా?” యన్నదే. తిరువళ్ళూరు, తిరుత్తణి ప్రాంతముల స్థిరపడిన మన తెలుగు కుటుంబములకును ఇది క్రొత్త ప్రశ్న కాదు. దీని చరిత్రను సంగ్రహముగ విన్నవించెదను.

మన కులములు పెక్కింట మారుమనువు పూర్వాచారమే. ఆచారము లేనివారికి 1856 నాటి వితంతు పునర్వివాహ చట్టము దారి చూపెను. 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహము జరిపించిరి. కాని మారుమనువాడిన స్త్రీ మొదటి భర్త ఆస్తి విషయమున మరణించినదానితో సమానమని ఆ చట్టమే విధించినది. ఆచారమున్న కులములందును ఆమెకు ఆ యాస్తి దక్కదని మద్రాసు హైకోర్టు 1877లో తీర్పు చెప్పెను. తల్లి వెడలిపోయినను తండ్రి పాలు మాత్రము బిడ్డలదే.

పురుషునికి ఇట్టి నష్టము లేకుండెను. అతడు భార్య యుండగనే మరియొకతెను పెండ్లాడుటను మద్రాసు రాష్ట్ర చట్టము 1949లో నిషేధించెను. 1955 నాటి హిందూ వివాహ చట్టము ఆ నిషేధమును దేశమునకు విస్తరింపజేసెను. 1956 జూన్ 17న వచ్చిన వారసత్వ చట్టము వితంతువునకు సంక్రమించిన భాగమును ఆమె సంపూర్ణ సొత్తు గావించెను. పిమ్మట ఆమె మారుమనువాడినను అది పోదు.

తిరుత్తణి 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రమున చేరి, పటాస్కర్ నిర్ణయము ననుసరించి 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రమునకు వచ్చినది. పిత్రార్జితమున ఆడుబిడ్డలకు సమభాగము ఆంధ్రప్రదేశమున 1985లోను, ఇచ్చట 1989 మార్చి 25 నుండియు లభించెను. అంతకు మున్నే వివాహమైనవారికి రెండుచోట్లను ఆ భాగము లేదు. ఆ కొరత 2005లో తీరినది.

తల్లి పోయిన పిదప తండ్రి విధిగ పెండ్లాడినచో, వీలునామా లేనప్పుడు, అతని స్వార్జితమున క్రొత్త భార్యకును బిడ్డలతో సమభాగము కలదు. మొదటి భార్య జీవించియుండగ చేసికొన్న పెండ్లి చెల్లదు. ఆ స్త్రీ వారసురాలు కాదు. ఆమెకు పుట్టిన బిడ్డలు మాత్రము వారసులే. ఉమ్మడి యాస్తిలో తండ్రి వంతునకు వచ్చు భాగమునందును వారికి పాలు కలదని సుప్రీంకోర్టు 2023 సెప్టెంబరు 1న తీర్పు చెప్పినది. జ్ఞాతుల పాలు వారికి చెందదు. మొదటి భార్య బిడ్డలకు పుట్టుకతో వచ్చిన భాగమును తీసివేయుట తండ్రి తరము కాదు. సవతి బిడ్డలకు మారుతండ్రి యాస్తిలో, దత్తతగాని వీలునామాగాని లేక, హక్కు లేదు.

కావున ఆస్తి భయముచే ముదిమిలో తలిదండ్రుల తోడును అడ్డగింపనక్కరలేదు. పెద్దలును వివాహమును రిజిష్టరు చేయించి, ఇద్దరు సాక్షుల యెదుట వీలునామా వ్రాసియుంచవలెను. తెలుగున వ్రాసినదియు చెల్లును. ఒక్క కాగితము లేని లోపమున అన్నదమ్ములు కోర్టుల చుట్టు తిరుగుట మన యిండ్లకు తగదు.