పుట్టింటికి తిరిగొచ్చిన బాతు

మాటామాటా పెరుగుతుంటే ఇంట్లో పెద్దవాళ్లేం చేస్తారు? "ముందు భోజనాలు కానివ్వండి, తర్వాత మాట్లాడుకుందాం" అంటారు. 1971 జులై 10న పెకింగ్‌లో చౌ ఎన్ లై చేసిందీ అదే. అమెరికా నుంచి రహస్యంగా వచ్చిన కిసింజర్‌తో వాదన బిగుసుకుంటుండగా, బాతు చల్లారిపోతుందంటూ ఆయన్ని భోజనానికి లేవదీశాడు. అయిదు రోజుల తర్వాత, తాను చైనా వెళుతున్నట్టు నిక్సన్ ప్రకటించాడు. ఆ ఘనతంతా బాతుదేనని అనను గాని, వియ్యాలవారి తగువులు విస్తరి ముందు మెత్తబడటం మనకి తెలియని సంగతా?

ఇంతకీ అందులో ఏముంది? బాతు చర్మానికీ మాంసానికీ మధ్య గాలి ఊది ఉబ్బిస్తారు. సలసల కాగే నీళ్లు పైన పోసి, పలచటి తీపి పాకం పూసి, ఆరగడతారు. కడుపులో నీళ్లు నింపి పొయ్యిలో వేలాడదీస్తే లోపల ఉడుకుతుంది, పైన కాలుతుంది. అప్పడంలా పెళపెళలాడే ఆ తోలుకే విలువంతా. తినేవారి ఎదుటే పల్చగా కోసి పెడితే, కాగితంలాంటి గోధుమ రొట్టెలో ఉల్లికాడతో, తియ్యటి పచ్చడిలాంటి ముద్దతో చుట్టుకుని తింటారు. మిగిలిన ఎముకలు సూపులోకి పోతాయి. ఇల్లాలి లెక్క ఏ దేశంలోనైనా ఒకటే మరి!

ఈ వంటకానికి రాజుల కాలంనాటి కథలున్నాయి. 1421లో మింగ్ చక్రవర్తి రాజధానిని నాన్‌జింగ్ నుంచి పెకింగ్‌కి మార్చినప్పుడు బాతు వంటకమూ వెంట వచ్చిందంటారు. పెకింగ్‌లోని బ్యన్‌యీఫాంగ్ హోటలువారు తమ పుట్టుక 1416 అని చెప్పుకుంటారు. వాళ్లది మూసిన పొయ్యి. మంట తగలకుండా, కాగిన గోడల సెగకే బాతు కాలుతుంది. ఆ తర్వాత 1864లో యాంగ్ చ్వాన్‌రెన్ అనే కోళ్ల, బాతుల వ్యాపారి, దివాలా తీసిన ఎండుపళ్ల దుకాణం ఒకటి కొన్నాడు. దాని పేరు 'ద-జ్యు-చ్వాన్'. ఆ అక్షరాలనే తిరగేసి 'చ్వాన్-జ్యు-ద' అని బోర్డు కట్టాడు. పళ్లచెట్ల కట్టెల మంట మీద, తెరిచిన పొయ్యిలో కాల్చిన అతని బాతు రాజప్రాసాదాల రుచిని బజారుకి తెచ్చింది.

తోలు కింద కొవ్వు పట్టాలని ఆ తెల్ల బాతుకి చివరి రోజుల్లో గొంతులోకి మేత కూరేవారు. ఇది చదివాక కొందరికి ముద్ద దిగకపోవచ్చు. వంటింటి చరిత్రలో కమ్మటి వాసనలే ఉండవు కదా.

అసలు కథ ఇక్కడినుంచే. 1873లో ఒక అమెరికా వ్యాపారి చైనా నుంచి కొన్ని బాతుల్ని ఓడలో తెచ్చాడు. న్యూయార్క్ చేరేసరికి తొమ్మిదే బతికాయి. ఇంచుమించు అదే కాలంలో ఇంగ్లండుకీ కొన్ని వెళ్లాయి. తొమ్మిది బాతులేగా అని ఎవరు పట్టించుకుంటారు? అమెరికా లాంగ్ ఐలాండ్‌లో వాటి సంతతితో పెద్ద వ్యాపారమే లేచింది. ఇంగ్లండులో 'చెర్రీ వ్యాలీ' అనే కంపెనీ, తక్కువ మేతతో త్వరగా ఎదిగే బాతుని తయారుచేసింది. ఆ బాతు మళ్లీ చైనాకే వచ్చింది, విదేశీ సరుకుగా! చవకగా పెరుగుతుంటే రైతు కాదంటాడా? చైనా పొలాల్లో పుట్టింటి బాతు వెనక్కి పోయి, పరదేశం వెళ్లొచ్చిన బాతు రాజ్యమేలింది. చివరికి 2017లో రెండు చైనా సంస్థలు కలిసి ఆ ఇంగ్లీషు కంపెనీని సుమారు 18 కోట్ల డాలర్లకి కొనేశాయి. తమ బాతు మనవల్ని తామే డబ్బిచ్చి తెచ్చుకున్నారన్నమాట.

నవ్వుకునే ముందు మన పెరట్లోకి ఓసారి చూద్దాం. 'పొరుగింటి పుల్లకూర రుచి' అన్నది మనమే. మన ఒంగోలు జాతి పశువులు పందొమ్మిదో శతాబ్దంలోనే బ్రెజిల్‌కి వెళ్లాయి. అక్కడ వాటి పేరు 'నెలోరె'. మన నెల్లూరేనండీ! ఆ దేశపు మాంసం వ్యాపారానికి ఇప్పుడు అవే పట్టుగొమ్మలు. ఇక్కడేమో ట్రాక్టర్లు వచ్చాక దుక్కికి ఎడ్లు అక్కర్లేకపోయాయి, ఒంగోలు గిత్త పందేలకీ ప్రదర్శనలకీ పరిమితమవుతోంది.

కోడెదూడని సంతకి తోలేటప్పుడు, తాతలనాటి విత్తనం గాదె అడుగున మర్చిపోయినప్పుడు, ఏదో పోగొట్టుకుంటున్నామని ఎవరికీ అనిపించదు. ఓడలోకి బాతుల్ని ఎక్కించిన రోజున పెకింగ్‌లోనూ ఎవరికీ అనిపించి ఉండదు. చైనావాళ్లకి ఇవాళ డబ్బుంది కాబట్టి తిరిగి కొనుక్కున్నారు. అన్నీ అలా అమ్మకానికి దొరుకుతాయా, దొరికినా అందరికీ ఆ స్తోమతు ఉండొద్దూ?